డీ స్క్వేర్ బై 162 ఎక్కడ నొక్కాలి? మా స్టోర్సుకు వచ్చిన సాఫ్ట్‌వేర్ శిక్షణపై సమీక్ష

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో షాఫ్టులు, పిన్నులు తయారుచేసే ఒక మధ్యతరహా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో నేను స్టోర్సు, డిస్పాచ్ విభాగాలు చూసుకుంటాను. మా కంపెనీ కోసమే ప్రత్యేకంగా రాయించుకున్న కంప్యూటర్ వ్యవస్థను వాడడం మా ఉద్యోగులకు నేర్పడానికి ఒక సంస్థ వచ్చి, రెండు విడతల్లో మొత్తం ఎనిమిది రోజులు శిక్షణ ఇచ్చింది. ఆ శిక్షణ ఎలా సాగింది, పెట్టిన డబ్బుకు తగిన ఫలం దక్కిందా అన్నది ఈ సమీక్ష. ఆ సంస్థతో మా ఒప్పందం ఇంకా నడుస్తున్నందువల్ల పేరు రాయడం లేదు. ఇలాంటి సేవ కొనబోయేవాళ్ళకు సంస్థ పేరుకన్నా, డబ్బు కట్టే ముందు ఏం అడిగి రాయించుకోవాలన్నదే ఎక్కువ పనికివస్తుందని నా ఉద్దేశం.

ఊరందరూ వాడే అకౌంట్స్ సాఫ్ట్‌వేరు వేరు, ఒక కంపెనీ తన పనికి తగ్గట్టు రాయించుకున్నది వేరు. ట్యాలీలో ఎక్కడైనా చిక్కుకుంటే పక్క షెడ్డులోని అకౌంటెంటును అడగవచ్చు, యూట్యూబులో తెలుగులోనో తమిళంలోనో వీడియో వెతుక్కోవచ్చు, కొత్తగా చేరే వాళ్ళలో చాలామందికి అది ముందే వచ్చి ఉంటుంది. సొంతంగా రాయించుకున్న దానికి ఆ దిక్కు లేదు. దాని తెరలు మన ప్రహరీ దాటి మరెక్కడా కనబడవు. తెలిసినవాళ్ళు దాన్ని రాసినవాళ్ళొక్కరే, కాబట్టి నేర్పాల్సిందీ వాళ్ళే, లేదా వాళ్ళు పంపినవాళ్ళే. అక్కడ లోపం జరిగితే ఉద్యోగికి ఇంకో గురువు దొరకడు.

మేము ఈ దారి పట్టడానికి కారణం వాన. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు అంబత్తూరు ఎస్టేటులోకి నీళ్ళు వచ్చినప్పుడు మా స్టోర్సులో కింది అరల్లో ఉన్న ఇన్‌వార్డ్ రిజిస్టర్లు, బిన్ కార్డులు నానిపోయాయి. ఏ అరలో ఏ కడ్డీ ఎంత ఉందో చెప్పే కాగితం మిగలక, నెల రోజులు సరుకును చేతులతో లెక్కపెట్టుకున్నాము. ఆ తర్వాత యజమాని మరో మాట వినలేదు. గేటు దగ్గర లారీ ఆగడం మొదలు సరుకు బయటికి వెళ్ళేదాకా అంతా కంప్యూటరులోనే ఉండాలన్నారు. సాఫ్ట్‌వేరు రాయించడానికి ఏడాది పట్టింది. దాన్ని మనుషులకు నేర్పడానికి మాత్రం ఒప్పందంలో ఐదు రోజులు రాసుకున్నారు. ఆ ఐదు రోజుల అంకె ఎక్కడ నుంచి వచ్చిందో ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళు కూడా ఇప్పటికీ చెప్పలేరు.

మొదటి విడత శిక్షణ మేడ మీది సమావేశ గదిలో, ప్రొజెక్టరు ముందు జరిగింది. స్టోర్సు, కొనుగోళ్ళు, డిస్పాచ్, అకౌంట్స్, క్వాలిటీ అన్నీ కలిపి ఇరవైనాలుగు మందిమి. ఉత్పత్తి ఆగకూడదన్నారు కాబట్టి సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు గంటల దాకా తరగతి. మా దగ్గర పనిచేసేవాళ్ళలో చాలామంది గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చేవాళ్ళు; పట్టరవాక్కంలో రైలెక్కి, సెంట్రల్ వైపు వెళ్ళి, అక్కడ మరో రైలు మారి ఇల్లు చేరాలి. ఆరు దాటిందంటే వాళ్ళ చూపు తెర మీద కాదు, తెర పైనున్న గోడ గడియారం మీదే ఉండేది. ఇందులో శిక్షకురాలి తప్పేమీ లేదు, వేళ నిర్ణయించింది మేమే. కానీ ఎనిమిది గంటలు నిలబడి పనిచేసిన మనిషి సాయంత్రం ఏమి నేర్చుకోగలడని ఒక్క మాట ముందే హెచ్చరించవలసిన బాధ్యత, రోజూ ఇదే పని చేసే శిక్షణ సంస్థకు ఉంటుందనే నేను అనుకుంటాను.

శిక్షకురాలు చదువుకున్న అమ్మాయి, ఓర్పు ఉన్న మనిషి, సాఫ్ట్‌వేరు మీద మంచి పట్టు ఉంది. పాఠం మాత్రం మెనూ వరస ప్రకారం సాగింది. మొదటి రోజు మాస్టర్స్ (వస్తువుల వంటి వాటి మూల వివరాలు), రెండో రోజు ట్రాన్సాక్షన్స్, ఆ తర్వాత అప్రూవల్స్, చివర రిపోర్ట్స్. తెర మీద మీటలు ఆ వరసలోనే ఉన్నాయి గనుక ఆమెకు అది సహజంగా తోచి ఉంటుంది. కానీ ఏ ఉద్యోగి రోజూ ఆ వరసలో గడవదు. స్టోర్స్ కీపరు రోజు గేటు దగ్గర లారీ హారనుతో మొదలవుతుంది, చేతికి డెలివరీ చలాను, బిల్లు, కాటా చీటీ ఒకేసారి వస్తాయి, డ్రైవరు తొందరపెడుతుంటాడు. ఆ క్షణంలో మొదట ఏ తెర తెరవాలి, దాని తర్వాత ఏది అన్నది అతనికి కావలసిన పాఠం. ఐదు రోజుల్లో ఆ పాఠం ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పలేదు. అకౌంట్స్ వాళ్ళకు అక్కరలేని బిన్ లొకేషన్ల పాఠం వాళ్ళు విన్నారు, స్టోర్సు వాళ్ళకు అక్కరలేని లెడ్జరు పాఠం వీళ్ళు విన్నారు.

రెండో రోజు జరిగిన ఒక సంఘటన చెప్పాలి. కొనుగోలు ఆర్డరు వేయడం అందరి చేతా ఒకసారి చేయించారు. మా కొనుగోళ్ళ విభాగం కుర్రవాడు వెయ్యి నట్లకు, ఒక్కొక్కటి ఒక్క రూపాయి చొప్పున ఆర్డరు వేసి, చెప్పినట్టే అప్రూవ్ నొక్కాడు. పావుగంటకు ఒక సప్లయరు నుంచి ఫోను వచ్చింది: "సార్, పన్నెండు రూపాయల సరుకు రూపాయికి అడుగుతున్నారు, మా మీద కోపమేమైనా ఉందా?" అభ్యాసం కోసం వేరుగా కాపీ పెట్టకుండా, అసలు సర్వరు మీదే పాఠం నడుపుతున్నారన్న సంగతి అప్పుడు బయటపడింది. ఆర్డరు ఆమోదం పొందగానే సప్లయరుకు మెయిలు దానంతటదే వెళ్ళిపోయేలా వ్యవస్థ రాసి ఉంది. ఆ సాయంత్రం మేము నవ్వుకున్నాము, కానీ అదే తరగతిలో ఎవరైనా ఈ-ఇన్‌వాయిస్ నొక్కి ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో మా పేర ఒక దొంగ బిల్లు నమోదయ్యేది. మూడో రోజు నుంచి అభ్యాసానికి వేరే కాపీ ఏర్పాటు చేశారు. దానికి మర్నాటి మధ్యాహ్నం సరిపోయింది. మధ్యాహ్నంలో అయ్యే పనిని మొదటి రోజే ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

ఇక ఈ సమీక్షకు శీర్షికగా పెట్టిన ప్రశ్న. అది అడిగింది మా స్టోర్సులో ఇరవైఏళ్ళుగా ఉన్న పెద్దాయన. నెల్లూరు జిల్లా మనిషి, కంప్యూటరు మీద చేయి పెట్టడం అదే మొదలు. ఇనుప కడ్డీల లెక్క ఆయనకు నోటికి వచ్చు. గుండ్రటి ఉక్కు కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ అయితే 400ను 162తో భాగించాలి, మీటరుకు సుమారు 2.47 కిలోలు, ఆరు మీటర్ల కడ్డీ ఒకటి 14.8 కిలోలు. సప్లయరు బిల్లు కిలోల్లో వేస్తాడు, మేము అరలో కడ్డీల లెక్కన పేరుస్తాము, మెషిన్ షాపు వాళ్ళు ముక్కల లెక్కన తీసుకుంటారు. 180 మిల్లీమీటర్ల షాఫ్టుకు కోత నష్టం మూడు మిల్లీమీటర్లు కలుపుకుంటే ఒక కడ్డీకి 32 ముక్కలు వచ్చి, 144 మిల్లీమీటర్ల తోక మిగిలి స్క్రాపులో పడుతుంది. ఒకే ఉక్కుకు మూడు లెక్కలు. ఈ మూడింటి మధ్య తిరగడమే స్టోర్సు పని.

జీఆర్ఎన్ తెర (వచ్చిన సరుకు అందినట్టు నమోదు చేసేది) చూపిస్తూ శిక్షకురాలు "ఇక్కడ క్వాంటిటీ వేయండి, ఇక్కడ యూనిట్ ఎంచుకోండి" అన్నారు. పెద్దాయన చేయెత్తి, "అమ్మా, డీ స్క్వేర్ బై 162 ఎక్కడ నొక్కాల?" అని అడిగాడు. గదిలో కొందరు నవ్వారు. ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "అదంతా సిస్టం చూసుకుంటుంది సార్" అని ముందుకు వెళ్ళిపోయారు. నిజానికి సిస్టం చూసుకోదు. వస్తువుల మాస్టరులో ఒక్కొక్క కడ్డీకి కిలోల నుంచి సంఖ్యకు మార్పిడి గుణకం ఎవరో ఒకరు నింపితేనే అది లెక్కగడుతుంది. అది నింపడం ఎవరి పనో తరగతిలో తేలలేదు. ఆ గదిలో ఆ గుణకం తెలిసిన మనిషి ఒక్కడే, ఆయన అడిగిన ప్రశ్నే నవ్వులపాలైంది.

మూడు వారాల తర్వాత దాని ఫలితం కనబడింది. 20 మిల్లీమీటర్ల కడ్డీలు నూరు వచ్చాయి, కాటా చీటీలో 1,480 కిలోలు. ఇన్‌వార్డ్ చూసే కుర్రవాడు గుణకం ఖాళీగా ఉన్న ఆ వస్తువుకు 1,480 అని వేసి, యూనిట్ దగ్గర అప్పటికే కనబడుతున్న "సంఖ్య"ను అలాగే ఉంచి పోస్టు చేశాడు. వ్యవస్థ లెక్క ప్రకారం మా గోదాములో 1,480 కడ్డీలు, అంటే దాదాపు 22 టన్నుల ఉక్కు ఉంది. స్టాకు నిండుగా చూపిస్తున్నందువల్ల కొనుగోళ్ళ వాళ్ళు తర్వాతి ఆర్డరు పెట్టలేదు. అసలు కడ్డీలు అయిపోయిన రోజు రెండు లేతులు (కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రాలు) ఒక షిఫ్టు మొత్తం ఖాళీగా నిలబడ్డాయి.

తప్పు ఎవరైనా చేస్తారు. ఆ తప్పు తెలిసిన తర్వాత కుర్రవాడికి ఏమి చేయాలో తెలియకపోవడమే నా అసలు ఫిర్యాదు. డిలీట్ మీట కోసం అరగంట వెతికాడు, దొరకలేదు. దొరకదు కూడా, కంపెనీలు లెక్కల కోసం వాడే సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు చేశారో నమోదయ్యే ఆడిట్ ట్రయల్ ఉండాలని, దాన్ని ఆపివేసే వీలు ఉండకూడదని కంపెనీల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి చెబుతున్నాయి. మా వ్యవస్థను దానికి తగ్గట్టే రాశారు. పోస్టు చేసిన ఎంట్రీని చెరపడానికి లేదు. కారణం రాసి, తిరుగు ఎంట్రీ వేసి, పైవాళ్ళ ఆమోదం తీసుకుని, మళ్ళీ సరైన ఎంట్రీ వేయాలి. నాలుగు మెట్ల ఈ పని ఐదు రోజుల శిక్షణలో ఎక్కడా లేదు. ఒప్పు ఎంట్రీ ఎలా వేయాలో మాత్రమే నేర్పారు. దాంతో కుర్రవాడు తనకు తోచినట్టు 1,380 కడ్డీలు మెషిన్ షాపుకు ఇచ్చినట్టు ఒక దొంగ ఇష్యూ వేసి సంఖ్యను సరిచేశాడు. ఆ నెల మెషిన్ షాపు ఖర్చు చూసి అకౌంట్స్ వాళ్ళు గుండెలు బాదుకున్నారు.

మా ఫిర్యాదు విన్న తర్వాత సంస్థ మరో మూడు రోజుల శిక్షణకు ఇంకొకరిని పంపింది. ఇందులో రెండు రోజులకు మేము డబ్బు కట్టాము, ఒక రోజు వాళ్ళు వదిలేశారు. ఈసారి వచ్చినాయన కుప్పం ప్రాంతం మనిషి, తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతాడు, హోసూరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో ఏళ్ళ తరబడి పనిచేసి ఈ రంగానికి వచ్చాడు. సమావేశ గది వద్దన్నాడు. పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర సెక్యూరిటీ కుర్చీ పక్కన నిలబడి, మొదటి లారీ కోసం ఎదురుచూశాడు. లారీతో పాటు కాటా దాకా, అక్కడి నుంచి స్టోర్సు కంప్యూటరు దాకా నడిచాడు. అతను మొదట మీట నొక్కలేదు, కుర్చీలో కూడా కూర్చోలేదు. పెద్దాయనను కూర్చోబెట్టి, తాను పక్కన స్టూలు వేసుకున్నాడు.

అతని మొదటి మాట నాకు బాగా గుర్తుంది: "ముందు తప్పు వేద్దాం అన్నా, ఒప్పు తర్వాత చూద్దాం." అభ్యాసపు కాపీలో పెద్దాయన చేతనే కిలోల చోట సంఖ్య వేయించాడు. స్టాకు 22 టన్నులకు ఎగబాకడం కళ్ళారా చూపించాడు. ఆ తర్వాత తిరుగు ఎంట్రీ వేయించి, అది పైవాళ్ళ తెర మీద ఎలా కనబడుతుందో చూపించి, సరైన ఎంట్రీ వేయించాడు. అప్పుడు గుణకాల సంగతి వచ్చింది. "మీ 162 ఇక్కడ ఉందన్నా" అని మాస్టరులో ఖాళీగా ఉన్న గడి చూపించగానే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఆ మధ్యాహ్నమంతా ఆయన నోటి లెక్క చెబుతుంటే కుర్రవాడు టైపు చేస్తూ, మా దగ్గరున్న ప్రతి సైజు కడ్డీకీ గుణకం నింపారు. ఏడాది పాటు సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళ దగ్గర లేని వివరం మా స్టోర్సు బల్ల దగ్గరే ఉంది, అడిగినవాళ్ళు లేరు.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో, పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు త్వరగా పని నేర్పడానికి ప్రభుత్వం నడిపిన ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ కార్యక్రమంలో నాలుగు మెట్లు ఉండేవి: నేర్చుకునేవాణ్ణి సిద్ధం చేయడం, పని చేసి చూపడం, అతని చేత చేయించడం, తర్వాత వెళ్ళి ఎలా చేస్తున్నాడో చూడడం. యుద్ధం తర్వాత జపాను ఫ్యాక్టరీలు దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. మా మెషిన్ షాపులో కొత్త కుర్రవాడికి లేతు నేర్పేది కూడా ఇలాగే. ఎవరూ ప్రొజెక్టరు వేసి లేతు నేర్పరు. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ప్రొజెక్టరు గుర్తుకు వస్తుంది.

డిస్పాచ్ వాళ్ళతో అతను గడిపిన రోజు నా లెక్కలో మొత్తం శిక్షణలోకెల్లా విలువైనది. మా సరుకులో కొంత తమిళనాడులోనే ఉంటుంది, కొంత రెండు గంటల దారి కూడా లేని, ఆంధ్రలోని శ్రీసిటీకి వెళుతుంది. దూరం దగ్గరే అయినా మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. తమిళనాడు లోపల సరుకు విలువ లక్ష రూపాయలు దాటితేనే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. ఆంధ్రకు వెళితే 50,000 దాటితే చాలు. ఇక ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రంలోని జాబ్ వర్కరుకు (మన సరుకు మీద కూలికి పని చేసి తిరిగి ఇచ్చేవాళ్ళకు) సరుకు పంపితే విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తప్పనిసరి. మేము ప్లేటింగుకు (లోహపు పూతకు) పంపే పిన్నుల పెట్టె ఏడెనిమిది వేలకు మించదు గనుక దానికి అక్కరలేదని మావాళ్ళు ఇన్నాళ్ళూ అనుకున్నారు. అతను జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చదవడం నేర్పాడు: 33 అయితే తమిళనాడు, 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ, 29 కర్ణాటక. మా సరుకు ఎక్కడ నుంచి వెళుతోంది, ఎక్కడికి చేరుతోంది అన్నదాన్ని బట్టి రాష్ట్రం దాటే అమ్మకానికి పడే ఐజీఎస్టీ వేయాలా, రాష్ట్రం లోపలి అమ్మకానికి పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలా అన్నది వ్యవస్థ ఎంచుకుంటుంది. అది తప్పు ఎంచుకుంటే పసిగట్టగల కన్ను మాత్రం మనిషికే ఉండాలి.

ఆ తర్వాత చిక్కు సందర్భాలు ఒక్కొక్కటీ చేయించాడు. విజయవాడ వెళ్ళే లారీ రెడ్‌హిల్స్ దాటాక పాడైపోయింది, సరుకు వేరే బండిలోకి మార్చారు, ఇప్పుడేం చేస్తారు? కొత్త ఈ-వే బిల్లు తీయబోయిన అమ్మాయిని ఆపి, పాత బిల్లులోనే బండి వివరాలుండే పార్ట్ బీలో నంబరు మార్చితే చాలని చూపించాడు. ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. విజయవాడకు 450 వేసుకుంటే మూడు రోజులు. ఆలోపు చేరకపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందు గానీ, ముగిశాక 8 గంటల లోపు గానీ పొడిగించుకోవాలి. బిల్లు తప్పు వేశారు, రద్దు చేయాలి, ఎలా? ఈ-ఇన్‌వాయిస్ రద్దుకు 24 గంటలే వ్యవధి, పైగా దాని మీద ఈ-వే బిల్లు బతికి ఉంటే ఇన్‌వాయిస్ రద్దు కాదు. ముందు ఈ-వే బిల్లు రద్దు చేసి, తర్వాతే ఇన్‌వాయిస్ దగ్గరికి రావాలి. 24 గంటలు దాటితే ఆ బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే క్రెడిట్ నోటు ఒక్కటే దారి. తెర మీద ఎర్రగా ఒక వాక్యం వచ్చి ఆగిపోతే అందులో తమ తప్పేమిటో తెలియక భయపడేవాళ్ళు, ఆ వరస తెలిశాక ఆ ఎర్ర వాక్యాన్ని చదివి చెప్పగలిగారు.

లాగిన్ల సంగతి కూడా అతనే సరిచేశాడు. మా స్టోర్సులో ఐదుగురూ ఒకే లాగిన్ వాడుతుండేవాళ్ళు. పాస్‌వర్డు మానిటరు కింద చీటీ మీద అంటించి ఉండేది. మొదటి విడతలో "పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి" అని ఒక్క మాట చెప్పి వదిలేశారు, ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇతను హాజరు వేలిముద్ర మిషను చూపించి, "మీ బదులు వేరేవాడు వేలు పెడితే ఊరుకుంటారా అన్నా? రేపు ఆ 1,380 కడ్డీలు ఎవరు తీసుకున్నారని ఆడిటరు అడిగితే మీ పేరే వస్తుంది" అన్నాడు. దొంగ ఇష్యూ వేసిన కుర్రవాడు ఆ లాగిన్‌లోనే వేశాడు, ఆ లాగిన్ పెద్దాయన పేర ఉంది. మానిటరు కింది చీటీ ఆ సాయంత్రమే పోయింది.

భాష విషయం కొంచెం చెప్పాలి. సంస్థ ఇచ్చిన కరదీపిక ఇంగ్లీషులో నూట నలభై పేజీలు, అందులోని బొమ్మలు పాత తెరలవి, కొన్ని మీటలు ఇప్పుడు ఆ చోట లేవు. దాన్ని తెరిచి చూసినవాళ్ళు మా కంపెనీలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. దాని బదులు కుప్పం శిక్షకుడు ప్రతి కంప్యూటరు పక్కన ఒక పేజీ కాగితం అంటించాడు. మా వాళ్ళలో నెల్లూరు, తడ వైపు వాళ్ళు తెలుగు చదువుతారు. తరతరాలుగా మద్రాసులోనే ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ బడిలో నేర్చుకున్నది తమిళ అక్షరాలు. వాళ్ళ కోసం తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో రాశాడు. తమిళ లిపిలో కకు, గకు ఒకటే అక్షరం గనుక "గేటు" కాస్తా "కేటు" అయిందని వాళ్ళలో వాళ్ళు ఎగతాళి చేసుకున్నారు, కానీ నూట నలభై పేజీలు చేయలేని పని ఆ ఒక్క పేజీ చేసింది.

మెచ్చుకోవలసినవి ఇన్ని ఉన్నా, రెండో విడతలోనూ లోపాలు లేకపోలేదు. అన్నిటికన్నా పెద్దది, పైవాళ్ళకు ఎవరూ నేర్పకపోవడం. మా ఫ్యాక్టరీ మేనేజరు రెండు విడతల్లోనూ పది నిమిషాలు కూర్చుని లేచిపోయారు. తిరుగు ఎంట్రీ వేయడం స్టోర్సు వాళ్ళకు వచ్చింది, దాన్ని ఆమోదించే తెర ఆయనకు తెలియదు. మొదటి నెలలో పదకొండు ఎంట్రీలు ఆయన లాగిన్‌లో ఆమోదం కోసం వేచి ఉండిపోయాయి. కింద ఉన్నవాళ్ళకు ఎంత నేర్పినా, ఆమోదించే మనిషి తరగతికి రాకపోతే పని అక్కడే ఆగుతుంది. ఈ తప్పులో సగం మాది, కానీ మేనేజర్లకు వేరుగా గంట పాఠం పెట్టాలని శిక్షణ సంస్థ పట్టుబట్టి ఉండాల్సింది. అకౌంట్స్ వాళ్ళకు ఒక పూటే దక్కింది, జాబ్ వర్కుకు వెళ్ళిన సరుకు ఏడాదిలోగా తిరిగి రావాలన్న గడువును వ్యవస్థలో ఎక్కడ చూసుకోవాలో వాళ్ళకు ఇప్పటికీ సరిగా తెలియదు. పైగా ఈ శిక్షణ అంతా ఒక్క మనిషి నోటిలో ఉంది. అతను చెప్పినవాటిని సంస్థ ఎక్కడా రాసిపెట్టుకోలేదు. నెల తర్వాత సాఫ్ట్‌వేరుకు ఒక మార్పు చేసి పంపినప్పుడు రెండు మీటలు చోటు మారాయి, ముందుగా ఎవరూ చెప్పలేదు, అంటించిన కాగితాలు ఒక్క రాత్రిలో తప్పుడు కాగితాలయ్యాయి.

రుసుము సంగతి. మాకు రోజుకు 18,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ పడింది. మొదటి ఐదు రోజులకు ఆ ధర దండగ, చివరి మూడు రోజులకు చవక. ఐదుకు మార్కులు వేయమంటే మొదటి విడతకు ఒకటిన్నర, రెండో విడతకు నాలుగు వేస్తాను. ఇలాంటి సేవ తీసుకోబోయేవాళ్ళు ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, అభ్యాసానికి వేరే కాపీ మొదటి గంట నుంచే ఉంటుందా, శిక్షకుడు సమావేశ గదిలో మాట్లాడతాడా లేక పనిచేసేవాడి పక్కన కూర్చుంటాడా, తప్పు ఎంట్రీలు సరిదిద్దడం పాఠంలో ఉందా, సాఫ్ట్‌వేరు మారినప్పుడు గోడ మీది కాగితం ఎవరు మారుస్తారు అన్న నాలుగూ అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. మాకు ఆ నాలుగూ తెలిసింది లేతులు ఆగిన తర్వాత.

వచ్చే నెలకు మరో రెండు రోజులు అడిగాము, అదే శిక్షకుణ్ణి పంపాలని షరతు పెట్టాము. ఒక పూట అకౌంట్స్‌కు, ఒక గంట మేనేజరుగారికి అనుకున్నాము, మేనేజరుగారు వస్తానన్నారు. మిగిలిందంతా రాత్రి షిఫ్టుకు. వాళ్ళకు ఇప్పటిదాకా ఏ విడతలోనూ ఎవరూ ఏమీ నేర్పలేదు. రాత్రి పదింటి తర్వాత దిగే లారీల సరుకును వాళ్ళు ఇంకా ఒక పాత నోటుపుస్తకంలో రాసిపెడతారు, పొద్దున్నే పెద్దాయన వచ్చి కంప్యూటరులో ఎక్కిస్తాడు.